శుక్రవారం పదకొండు నిమిషాలు

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఇంట్లో నలుగురున్నారు. వసారాలో చాట ముందు కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతున్న హన్మవ్వ. చెరుకు తోటకు బయలుదేరి గడపలోనే ఆగిపోయిన ఆమె కొడుకు దేవిదాస్. లోపలి గదిలో ల్యాప్‌టాప్ మీద అరుస్తున్న మనుమడు నితీష్. ఆ గది తలుపు బయట నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డ మనుమరాలు అంకిత.

"మళ్ల బంద్ అయింది!" లోపల నితీష్ మంచం మీద గుద్దాడు. "మూడింటికి ఇంటర్వ్యూ. ఫోన్‌ల వద్దు, ల్యాప్‌టాప్‌లనే రావాలన్నరు. ఇదేమో తెరుసుకునేటందుకే ఇరవై నిమిషాలు. తెరుసుకున్నంక దానంతటదే సస్తది!"

"ఇది ఐదో ఇంటర్వ్యూ బిడ్డా," అన్నాడు దేవిదాస్. "గిది గూడ పోతే రేపటి సంది చెరుకు ట్రాక్టర్ ఎక్కుడే. తాళంచెవి జేబులనే పెట్టుకున్న."

అంకిత తలుపు కొంచెం తోసింది. "అన్నా, నేనొక్కసారి సూస్త..."

"నువ్వేం సూస్తవ్? ఇంటర్ అయి ఇంట్ల కూసున్నదానివి. నడువ్!"

తలుపు ఆమె ముక్కు ముందే ధడాలున మూసుకుంది.

ఇంకో రోజైతే అంకిత వెనక్కి వెళ్లిపోయేది. ఈసారి కదల్లేదు. తలుపుతోనే మాట్లాడుతున్నట్టు మెల్లగా అంది. "అన్నా, అది శుక్రవారం నాడే జెల్ది బంద్ అయితుంది."

తలుపు తెరుచుకుంది. "ఏందీ?"

ఆమె నోట్‌బుక్ చాపింది. తెరుచుకున్నాక ఎన్ని నిమిషాలకు ఆగిందో రోజువారీగా రాసి ఉంది, నితీష్ చదివాడు. శుక్రవారం పదకొండు నిమిషాలు. సోమవారం ఇరవై నాలుగు. గురువారం ముప్పై. మళ్లీ శుక్రవారం పదకొండు.

"గిదంత నీకెట్ల ఎరుక?"

"నువ్వు దాన్ని తిట్టుడు షురూ చేసిన టైము రాసుకున్న. తలుపు బయటికి మంచిగనే ఇనస్తది."

దేవిదాస్ నవ్వు ఆపుకోలేకపోయాడు. గోడ గడియారంలో రెండుంబావు.

అంకిత ల్యాప్‌టాప్ అడుగున చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. రొట్టెల పెంకలా కాలుతోంది. తిరగేసి చూసింది. గాలి ఆడే జాలీ రంధ్రాలన్నీ పచ్చగా మూసుకుపోయి ఉన్నాయి.

"పసుపు!" నితీష్ అరిచాడు. "ఎవలు పెట్టిన్రు?"

హన్మవ్వ చాట పక్కకు జరిపింది. "నేనే. శుక్రవారం శుక్రవారం బొట్టు పెడుతున్న, నీకు నౌకరి రావాల్నని. మూత మీద పెడితె నువ్వు తుడుస్తవ్. గందుకే కనపడకుంట కింద పెట్టిన. ఏం, ట్రాక్టర్‌కు పెడుతలేమా? మోటర్‌కు పెడుతలేమా?"

"దీనికి గదే ముక్కు అవ్వా," అంది అంకిత. "ముక్కుల పసుపు కూరితె ఊపిరెట్ల ఆడుతది?"

"అయ్యో, నా చేతులు ఇరగ! ముక్కని చెప్పద్దారా!"

దేవిదాస్ బోరు మోటారు సామాన్ల డబ్బా తెచ్చాడు. అంకిత అందులోంచి చిన్న స్క్రూడ్రైవర్ ఏరుకుంది. ల్యాప్‌టాప్ వైరు పీకి, వెనక మూత విప్పింది. లోపలి ఫ్యాన్ రెక్కల నిండా పసుపు, దాని మీద దూది లాంటి దుమ్ము.

"నీకు గివన్ని ఎవలు నేర్పిన్రే?" అన్నాడు దేవిదాస్.

"బడిల కంప్యూటర్ సారు. దుమ్ము దులుపుమంటె అందరు ఉరికేటోళ్లు. నేను ఉంటుంటి."

పాత పళ్ల బ్రష్‌తో గీకి, ఫ్యాన్‌ను వేలితో పట్టుకుని తండ్రి చేత సైకిల్ పంపుతో గాలి కొట్టించింది. గుప్పున పచ్చటి పొగ లేచి నితీష్ ముఖమంతా పడింది.

"పెండ్లికొడుకు అయిండు," అంది హన్మవ్వ.

మూత బిగించి ఆన్ చేశాక అంకిత తెర మీద ఒక జాబితా తెరిచింది. "సూడన్నా. నువ్వు తెరువంగనే పద్దెనిమిది ప్రోగ్రాములు ఒక్కసారి లేస్తున్నయ్. గిండ్ల ఏడు ఆటలే. గందుకే ఇరవై నిమిషాలు."

"ఆటలు తియ్యకే..."

"తీస్తలేను. నువ్వు లేపితెనే లేస్తయ్ ఇగ."

ఆపి మళ్లీ ఆన్ చేసింది. నలభై సెకన్లలో తెరుచుకుంది. నలుగురూ గడియారం వైపు చూస్తూ కూర్చున్నారు. పది నిమిషాలు. పదకొండు. పన్నెండు. ల్యాప్‌టాప్ చల్లగా నడుస్తూనే ఉంది. హన్మవ్వ ఆనందం పట్టలేక మళ్లీ పసుపు గిన్నె అందుకోబోతే దేవిదాస్ లాగేసుకున్నాడు.

మూడు కావొస్తోంది. నితీష్ ముఖం కడుక్కుని, అంగీ మార్చుకుని, అందరినీ బయటికి పంపాడు. "ఎవ్వలు సప్పుడు చేయకుండ్రి," అంటూ లోపలి నుంచి తలుపు మూశాడు.

తలుపు బయటికి అన్నీ వినిపిస్తున్నాయి.

"నమస్తే నితీష్. నా పేరు సుమన. నిజామాబాద్‌లో ఈ ల్యాప్‌టాప్ రిపేరు సెంటరు నాదే. ఒకటే ప్రశ్న అడుగుతాను. తెరుచుకోవడానికి ఇరవై నిమిషాలు తీసుకుని, తర్వాత దానంతట అదే ఆగిపోయే ల్యాప్‌టాప్ ఒకటి వచ్చింది. ఏం చేస్తారు?"

హన్మవ్వ చేతిలో పసుపు కొమ్ము ఆగిపోయింది.

నితీష్ తడుముకోకుండా చెప్పాడు. వేడి, జాలీ, ఫ్యాన్, సైకిల్ పంపు, ఒక్కసారిగా లేచే పద్దెనిమిది ప్రోగ్రాములు, అన్నీ.

"చాలా బాగా చెప్పారు! ఇదంతా మీ చేత్తో చేశారా?"

లోపల కుర్చీ కిర్రుమంది. అవునంటే చాలు. దేవిదాస్ జేబులో తాళంచెవిని గట్టిగా పట్టుకున్నాడు.

"లేదు మేడం," అన్నాడు నితీష్. "మా చెల్లె చేసింది. ఇప్పుడే. నేను మొఖానికి పసుపు పూసుకున్న, గంతే."

ఆవిడ నవ్వింది. "మరి అక్కడ మీరెందుకు కూర్చున్నారు? ఆమెను పిలవండి."

తలుపు తెరుచుకుంది. నితీష్ అంకిత చెయ్యి పట్టి లాక్కెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"అన్నా, నాకు మాట్లాడరాదు..."

"తలుపుతోని మాట్లాడినవ్ గద. గట్లనే మాట్లాడు."

గడప దాటి వచ్చి తండ్రి ముందు చెయ్యి చాపి ట్రాక్టర్ తాళంచెవి తీసుకున్నాడు. వెనక్కి తిరిగి, "ఎవ్వలు సప్పుడు చేయకుండ్రి," అంటూ బయటి నుంచి తలుపు మూశాడు.