మూతి ముడిచిన మూడు

ఫోన్ పెట్టేసి సూపర్‌వైజర్ హాల్లోకి వచ్చాడు.

"మూడో నంబరు ఇంటికి వెళ్ళాల్సిన గుండె మందులు ఎనిమిదో నంబరుకి వెళ్ళాయట. ముసలాయన ఒకటే తిట్లు."

అమ్మాయి వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"మన తప్పేం లేదులే," అన్నాడతను. "ఇద్దరూ ఎనిమిదే కొట్టారు. ఇద్దరూ ఒకేలా కొట్టారంటే కాగితంలోనే తప్పుండాలి."

అక్కడి పద్ధతి అది. మందుల ఆర్డరు కాగితం ప్రతిదాన్నీ ఇద్దరు కొడతారు, ఒకరిది ఒకరు చూడకుండా. రెండూ కలిస్తే పార్సిల్ కదులుతుంది. కలవకపోతే సూపర్‌వైజర్ కాగితం తీసి చూసి, తప్పు కొట్టినవాళ్ళకి బోర్డు మీద ఎర్ర గీత పెడతాడు. గీతలు పెరిగితే ఇంటికే.

అమ్మాయికి జంట అక్క. చేరిన రోజు కుర్చీ ఎత్తు సరిచేసి ఇచ్చింది ఆమే. నెల కిందట అక్క, చేతిరాతలో కొసలు కలిసిపోయి మూతి ముడిచినట్టున్న మూడొకదాన్ని చూసి ఎనిమిది కొట్టింది. గీత పడింది.

"ఏమ్మా, కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా?" అన్నాడు సూపర్‌వైజర్. అందరూ నవ్వారు. అక్క కళ్ళు నులుముకుంది. ఆమె ఇంట్లో సంపాదన ఆమెది ఒక్కటే.

తను సరిగ్గా కొట్టబట్టే ఆ తప్పు బయటపడిందనుకుంది అమ్మాయి. మర్నాటి నుంచి అలాంటి మూడు కనిపిస్తే అమ్మాయి కూడా ఎనిమిదే కొట్టింది. మొదట్లో బెడిసికొట్టింది. అక్క మూడే కొట్టడంతో గీత అమ్మాయికి పడింది. అక్కకి ఒక్కోసారి కనిపిస్తుందేమోలే పాపం, అనుకుంది. మానలేదు. ఆ తర్వాత ఒక్క తేడా రాలేదు. అక్క చూపు పూర్తిగా పోతోందని అర్థమైంది.

ఇంటి నంబరే కదా, పక్కవాళ్ళు ఇచ్చేస్తారులే అని సర్దిచెప్పుకుంది ఇన్నాళ్ళూ. ముసలాయన వాడేవి ఏం మందులో ఆమెకి తెలుసు. కొట్టింది తనే.

టీ గదిలో తలుపు దగ్గరగా వేసింది.

"అక్కా, ఆ ముసలాయన సంగతి... తప్పు నాది."

"నీ ఒక్కదానిదే కాదులేవే. నాదీను." అక్క బ్యాగులోంచి కళ్ళ డాక్టరు చీటీ తీసింది. "రేపు పొద్దున్నకి రాయించాను. ఇక నానిస్తే పాపం చుట్టుకుంటుంది."

అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. "మంచి పని చేశావక్కా. నేనూ తోడొస్తా."

"తోడు వచ్చేది నేనే పిల్లా, చూపించుకోవాల్సింది నువ్వు, నీ ఉద్యోగం పోకూడదని ఎన్నాళ్ళని నీతోపాటు నేనూ మూడుని ఎనిమిదని కొడుతూ కూర్చోను?"