ఉప్పునీటి తుంగ

ఉత్తర ధ్రువం దగ్గరి చలి తీరాల్లో ఊళ్లన్నిటికీ ఇప్పుడు ఉప్పునీటి తుంగే కరకట్ట. సిక్కోలు తీరంలో సొంతూరు మునిగిపోయాక నూకాలు కుటుంబం ఇక్కడికొచ్చి తుంగ నాటుకుని బతుకుతోంది. తుఫాను తగ్గాక చూస్తే తుంగంతా బురదలో పడుకుని ఉంది. అది చచ్చిపోతే ఈ ఊరూ వదిలిపోవాల్సిందే.

"మూటలు కట్టీమంతావేటే?" నీరసంగా అడిగాడు మొగుడు ఎర్రయ్య.

నూకాలు మోకాలిలోతు బురదలోకి దిగి, ఒక దుబ్బు పట్టుకుని బలంకొద్దీ లాగింది. దుబ్బు కదల్లేదు. ఆమే వెల్లకిలా పడి, పడ్డచోటే పకపకా నవ్వింది.

"ఏటయ్యిందే?" పరుగున వచ్చాడు ఎర్రయ్య.

"ఏటీ అవ్వనేదు. ఏర్లు గట్టిగున్నాయి. రెండ్రోజుల్లో తుంగ మళ్లీ లేస్తాది."

లేపడానికి చెయ్యి అందించబోయిన ఎర్రయ్య, ఆ మాటకి ఆమె పక్కనే కూలబడి, గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాడు.