మూడో వరుస కుర్చీ

ఆ ముసలావిడ మళ్ళీ వచ్చింది.

లెనార్ట్ క్లాసు తలుపు తీసేసరికే మూడో వరుసలో కూర్చుని ఉంది. ఎప్పుడూ అంతే. అందరికంటే ముందొస్తుంది, అందరూ వెళ్ళాక లేస్తుంది.

లెనార్ట్ అసలు చదువు వాణిజ్యం. అది తండ్రి కోరిక. సినిమా రెండో సబ్జెక్టు, బుధవారం ఒక్కరోజే. ఆ ఒక్కరోజు కోసమే మిగతా ఆరు రోజులూ భరించేవాడు. రెండో సబ్జెక్టు వాళ్ళలో ఒక్కరిని ఈసారి పూర్తిగా సినిమా చదువులోకి తీసుకుంటానని ప్రొఫెసర్ కెసెల్ చెప్పింది. ఆ ఒక్కడూ తానే కావాలి.

ముసలావిడకి పరీక్షల్లేవు, మార్కుల్లేవు. పెన్షన్ తీసుకుంటూ, ఊరికే విని వెళ్ళే అతిథి. అయినా ప్రొఫెసర్ మాట్లాడేటప్పుడు చూపు ఆవిడ మీదే ఉంటుంది. అది చూస్తే చాలు, లెనార్ట్‌కి ఒళ్ళు మండేది.

ఆ రోజు మాట్లాడే వంతు అతనిది. ఓ పాత నలుపు తెలుపు సినిమా ముక్క వేశాడు. ఖాళీ ప్లాట్‌ఫాం మీద నాయిక ఒంటరిగా నడిచి వెళ్తుంది. మాటల్లేవు, అడుగుల చప్పుడే. పద్నాలుగేళ్ళప్పుడు ఆ చప్పుడు విన్నాకే అతనికి సినిమా పిచ్చి పట్టింది.

"వినండి. టక్కుమని ఒక అడుగు. తర్వాత ఎడమకాలు సర్రుమని ఈడుస్తోంది. కథలో ఆమె చేసిన తప్పంతా ఆ కాలిమీద బరువై కూర్చుంది. నటి గొప్పతనం అదీ."

క్లాసంతా మెచ్చుకోలుగా బల్లలు తట్టింది. ముసలావిడ మాత్రం కళ్ళు మూసుకుని కూర్చుంది.

నిద్రపోతోంది కాబోలు అనుకున్నాడు. అంతలో ఆవిడ చెయ్యెత్తింది.

"ఈసారి చప్పుడు ఆపేసి బొమ్మ ఒక్కటీ వెయ్యి బాబూ."

వేశాడు. నాయిక తిన్నగా, నిబ్బరంగా నడిచిపోయింది. ఏ కాలూ ఈడ్వలేదు.

"ఆ అమ్మాయి కాళ్ళు బాగానే ఉన్నాయి. కుంటుతున్నది చప్పుడే."

బల్లలు దద్దరిల్లాయి. లెనార్ట్‌కి పడిన చప్పుడుకి మూడింతలు.

"ఇరవై ఏళ్ళుగా ఈ సినిమా చెబుతున్నాను, నాకే తట్టలేదు" అంది ప్రొఫెసర్. తర్వాత లెనార్ట్ వైపు తిరిగింది. "స్టూడియోలో బొమ్మ చూస్తూ అడుగుల్లాంటి చప్పుళ్ళు చేసేవాళ్ళు వేరే ఉంటారు. టైటిల్స్‌లో పేరుండదు. ఆ అడుగులెవరివో వచ్చే బుధవారానికి కనుక్కో. కనుక్కుంటే సీటు నీదే."

అందరూ లేచారు. ముసలావిడ కూర్చునే అతణ్ణి పిలిచింది.

"చెవి మంచిది నీది. ఆదివారం కాఫీకి మా ఇంటికి రా. కేకు చేస్తాను."

"తీరిక లేదండీ."

బయట తోటి విద్యార్థిని స్వాంట్యె అతణ్ణి పట్టుకుంది. "ఏరా, నీ సీటు మామ్మగారు కొట్టేసేలా ఉంది."

"ఆవిడకి సీటెందుకు?"

"మూడో వరుసలో ఒకటి ఉందిగా. నేను మూడు వారాలుగా కిటికీ గట్టుమీద చలికి చస్తున్నాను."

ఆ మాట లెనార్ట్ మనసులో నాటుకుంది. చేరిన విద్యార్థికి కుర్చీ లేకపోతే అతిథి లేవాలి, అది నిబంధన. ఆ సాయంత్రమే ఆఫీసుకి ఫిర్యాదు రాసి సంతకం పెట్టాడు. కుళ్ళుతో కాదు, న్యాయం కోసమే రాశానని తనకి తానే చెప్పుకున్నాడు.

తర్వాత వారమంతా వెతికాడు. సినిమా భాండాగారానికి వెళ్ళాడు, పాత స్టూడియో వాళ్ళకి ఫోన్లు చేశాడు. ఎవరికీ తెలియదు. రోజూ చెవిలో మాత్రం ఆవిడకి పడిన బల్లల చప్పుడే.

బుధవారం క్లాసులో ఆ ముక్క మళ్ళీ వెయ్యడానికి అతను కంప్యూటర్ ముందు కూర్చోగానే ఆఫీసు గుమాస్తా వచ్చి ముసలావిడ దగ్గర ఆగాడు.

"బ్రాండెస్ గారూ, ఏమీ అనుకోకండి. ఫిర్యాదు వచ్చింది. కాపీ మీకివ్వాలి."

ఆవిడ చదివింది. సంతకం దగ్గర కాసేపు ఆగింది. లెనార్ట్ తల వంచుకుని తెరలోకి చూస్తూ ఉండిపోయాడు.

"ఆ పిల్లని ఇలా వచ్చి కూర్చోమనండి. కిటికీ దగ్గర చలి" అంది ఆవిడ, కోటు తొడుక్కుంటూ.

స్వాంట్యె కదల్లేదు.

ఆవిడ కుర్చీలు ఆసరాగా పట్టుకుంటూ, తివాచీ మీద మెల్లగా వెళ్ళింది. తలుపు మూసుకుంది. పీడ వదిలిందనుకున్నాడు లెనార్ట్. అయినా హాయిగా లేదు.

"ఏరా, అప్పుడే వేసేశావా?" అంది స్వాంట్యె.

"ఏంటి?"

"నీ సినిమా ముక్క. చప్పుడొస్తోందిగా."

అతని వేలు ఇంకా మీట మీదే ఉంది. నొక్కలేదు.

బయట రాతి నేలమీద టక్కుమని ఒక అడుగు పడింది. వెనకే ఇంకొకటి సర్రుమంది.

వారమంతా అతను వెతికిన అడుగులు, అతని సంతకం ఉన్న కాగితం పట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోతున్నాయి.