మూడు హాళ్లు, ఒకే నాటకం

పులిహోర కలుపుతూనే వకుళ విశాఖ ప్రయాణం ఖాయం చేసేసింది. ఎవరికి నచ్చిన నాటకం వాళ్లకి ఇంటి గోడే ఆడి చూపించే ఈ రోజుల్లో, మనుషులు ఆడే హాళ్లు ఆ ఊళ్లో ఇంకా మూడున్నాయి మరి!

"మూడింట్లోనూ ఒకే పద్యనాటకమండీ. ఒకటి చూస్తే చాలు," అంది గోడ.

"నువ్వూరుకో. మూడూ చూస్తాం," అంది వకుళ.

భర్త గవర్రాజు సంచీ సర్దుతూ, "పద్యం నచ్చితే మళ్లీ పాడతారా?" అన్నాడు.

"'వన్స్‌మోర్' అని హాలు అదిరేలా అరవాలండీ. అప్పుడు మళ్లీ ఎత్తుకుంటారట."

గవర్రాజు గోడతో ఓ పద్యం పాడించి, "వన్స్‌మోర్!" అని అరిచాడు. గోడ అదే పద్యాన్ని రవ్వంత తేడా లేకుండా మళ్లీ పాడింది.

"అక్కడ రెండోసారికి ఆ పాడే నటుడి గొంతు పూడుకుపోతే?" అన్నాడు.

"పోవచ్చు. మొదటిసారికన్నా బాగా పాడనూ వచ్చు!" పులిహోర చెయ్యి గాల్లోకి లేచింది. "మన అరుపుని బట్టి ఉంటుంది."

గవర్రాజు చేతిలోని చొక్కా అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్లుగా నాటకాలు చూస్తున్నాడు, ఒక్క నటుడికీ తను వినబడలేదు.

"అంటే మనం అరిస్తే ఆయనకి వినబడుతుందా? వకుళా, ముందా గోడ ఆపెయ్. నేను గొంతు సాధన చేసుకోవాలి!"