ఫ్లాష్ లేని ఫొటో

“దీన్ని మీ దగ్గరే ఉంచుకోండి అల్లుడుగారూ. మా గోడకి ఇక వద్దు” అంటూ సీతమ్మ సంచీలోంచి ఫ్రేము కట్టిన ఫొటో తీసి బల్లమీద బోర్లా పెట్టింది.

యుగంధర్ దాన్ని తిప్పి చూశాడు. తను తీసిందే. భార్య మల్లేశ్వరి పట్టుచీర కట్టుకుని, తల్లో కనకాంబరాలు పెట్టుకుని, కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని నిలబడి ఉంది.

“ఏమైందత్తయ్యగారూ?”

“మొన్న రొయ్యలమ్మే ఆవిడ మంచినీళ్ళకని లోపలికొచ్చి ఇది చూసింది. ‘అయ్యో, చిన్న వయసే! ఎప్పుడు పోయిందమ్మా?’ అంది. దండ ఒక్కటే తక్కువ కదా మరి!”

వంటింట్లోంచి మల్లేశ్వరి కిసుక్కున నవ్వింది. యుగంధర్‌కి మాత్రం నవ్వు రాలేదు. అవనిగడ్డ మెయిన్ రోడ్డులో అతనిది పేరున్న స్టూడియో. ఎంత ఏడ్చే పసివాణ్ణయినా నవ్వించి ఫొటో తీస్తాడు. అలాంటివాడి దగ్గర కట్టుకున్న పెళ్ళాం కళ్ళు తెరిచి ఉన్న ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఎండలో తీస్తే మూసుకుంటుంది. నీడలో నిలబెట్టి ఫ్లాష్ కొడితే మూసుకుంటుంది.

“వెలుగు పడదండీ మల్లి కళ్ళకి. అందుకే ఇది తెప్పించాను” అని సొరుగులోంచి ఓ లెన్సు తీశాడు.

“ఇదేంటి, పచ్చడి జాడీలా ఉంది!”

“బరువూ అంతే ఉంటుంది. కానీ మసక చీకట్లో కూడా ఫ్లాష్ లేకుండా తీస్తుందత్తయ్యగారూ.”

అతను సొంతానికి వాడుకునేది పాత రేంజ్‌ఫైండర్ కెమెరా. దానికి ఇంత వెడల్పుగా తెరుచుకుని, ఉన్న కాస్త వెలుగునీ లాక్కునే లెన్సు పెద్ద కంపెనీది కొనాలంటే అరెకరం మాగాణి అమ్ముకోవాలి. ఇదేమో పేరూ ఊరూ లేని చవక సరుకు. బెజవాడలో కెమెరాలమ్మే జీవానందం, “వాడి చూడు బావా. నచ్చకపోతే శనివారం సాయంత్రం బస్సులో వెనక్కి పంపెయ్” అని ఇచ్చాడు. శనివారం రానే వచ్చింది.

ఆ పొద్దున బయట ముసురు. పైగా కరెంటు పోయింది. వంటింటి కిటికీ దగ్గర తప్ప ఇల్లంతా మసగ్గా ఉంది. యుగంధర్‌కి ప్రాణం లేచొచ్చింది.

“మల్లీ, అక్కడే, పొయ్యి పక్కనే నిలబడు.”

“ఈ నలిగిన చీరతోనా?”

“చీరెవరికి కావాలి? కళ్ళు కావాలి నాకు.”

సీతమ్మ పీట వేసుకుని కూర్చుంది, పరీక్ష చూడ్డానికి వచ్చినట్టు. యుగంధర్ లెన్సు పూర్తిగా తెరిచి రింగు తిప్పసాగాడు. ఈ కెమెరాలో మనిషి ముందు రెండుగా కనిపిస్తుంది. రెండు బొమ్మల్నీ కలిపి ఒకటి చేస్తేనే ఫోకస్. ఇంత పెద్ద లెన్సుతో అది కత్తిమీద సామే. కన్ను కుదిరితే చెవి మసకబారుతుంది. ఊపిరి కాస్త గట్టిగా పీల్చినా ముక్కు కుదిరి కన్ను పోతుంది. ఆ చీకట్లో మెరుస్తున్నది ఆమె ముక్కుపుడక ఒక్కటే. దానిమీదే ఫోకస్ కుదుర్చుకుని, కళ్ళకి సరిపోయేలా రింగు పిసరంత వెనక్కి తిప్పాడు.

“కళ్ళు తెరిచే ఉంచావా?”

“ఇంతకన్నా తెరిస్తే ఊడిపడతాయండీ.”

క్లిక్. ఇంకోటి. ఇంకోటి. రీలంతా అయిపోయింది.

మధ్యాహ్నం కరెంటొచ్చాక డార్క్‌రూములో దూరాడు. ట్రేలో మొదటి కాగితం మీద బొమ్మ తేలుతుంటే బయటికి వినపడేలా అన్నాడు, “ఎంత బాగుంది!” అన్నం గిన్నెమీద ఆవిరి విడివిడి పోగులుగా వచ్చింది. నుదుటిమీద చెదిరిన వెంట్రుకలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. వెనక అలమరాలోని డబ్బాలన్నీ మసకలోకి వెన్నలా కరిగిపోయాయి. చవక లెన్సు అంటే ఎవరూ నమ్మరు.

కళ్ళు మాత్రం మూసే ఉన్నాయి. ఆ ఫొటోలోనే కాదు, అన్నింట్లోనూ.

తడి ఫొటోలు తెచ్చి బల్లమీద పరిచి, లెన్సుకి గుడ్డ చుట్టడం మొదలెట్టాడు.

“అదేంటండీ, బాగుందన్నారుగా?” అంది మల్లేశ్వరి.

“బంగారంలా ఉంది. కానీ తెప్పించింది నీ కళ్ళకోసం. అవే రానప్పుడు నాకెందుకిది? ఆరింటి బస్సుకి ఇచ్చేస్తాను.”

సీతమ్మ ఫొటోలన్నీ ఒక్కొక్కటే చూసి లేచి నిలబడింది.

“అల్లుడుగారూ, ఇది వెలుగుతో వచ్చింది కాదు. పిల్ల కళ్ళలో ఏదో జబ్బుంది. ఇప్పుడే బందరు తీసుకెళ్ళి కళ్ళ డాక్టరుకి చూపిద్దాం. మల్లీ, చీర మార్చుకో.”

“నాకేం జబ్బు లేదమ్మా!”

“నీకు తెలీదు. నోర్మూసుకుని బయల్దేరు” అని సీతమ్మ గొడుగు తెచ్చుకోవడానికి వీధి అరుగుమీదకి వెళ్ళింది.

యుగంధర్ కంగారుగా దగ్గరికొచ్చాడు. “నిజంగా ఏమన్నా బాధగా ఉందా మల్లీ? నాతో చెప్పవేం?” అంటూ ఆమె గడ్డం పట్టుకుని కళ్ళలోకి చూశాడు. అవి నిక్షేపంలా తెరుచుకుని, అతన్నే చూస్తున్నాయి.

మల్లేశ్వరి వీధి గుమ్మం వైపు ఓసారి చూసి, అతని చేతిలోంచి లెన్సు తీసుకుని గుడ్డ విప్పి బల్లమీద పెట్టేసింది. ఆమె చెవులు కందిపోయాయి.

“దీన్ని పంపకండి. దీని తప్పూ కాదు, నా కళ్ళ తప్పూ కాదు” అంది గొంతు తగ్గించి. “ఎప్పుడు ఫొటో తీసినా, బటన్ నొక్కే ముందు మీరు నాకేసి చూస్తూ ఎడమ కన్ను మూస్తారు చూడండి... మొగుడు అలా కన్నుకొడుతుంటే, అందులోనూ ఇవాళ ఎదురుగా అమ్మ కూర్చునుండగా, సిగ్గుతో కళ్ళు మూసుకోక ఏం చెయ్యమంటారు?”