నీళ్ల ట్యాంకు వైపు గోల్

ఇటలీలో ఓ చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు తన నూరేళ్ల చరిత్రను పుస్తకంగా వేసుకుందని తెలిసి, గోదావరిఖనిలోని మా కాలనీ క్లబ్బుకూ నేనొకటి రాశాను.

ఆవిష్కరణ రోజు పొద్దున, గ్రౌండులోనే జరిగే సభ మొదలయ్యే ముందు, సదయ్య కాకకు ఆఖరి పేజీ చదివి వినిపించాను. కాక మా పాత గోల్‌కీపరు. ముప్పయ్యేళ్లు బొగ్గుబాయిలో పనిచేశాడు.

"మూడేళ్లుగా ఇక్కడ ఏ జట్టు గోల్ కొట్టినా నీళ్ల ట్యాంకు వైపే. అది మన అదృష్టపు గోల్!"

అది విని మెచ్చుకుంటాడనుకున్నాను. కాక లేచి, బంతిని మైదానం నట్టనడుమ పెట్టి చెయ్యి తీశాడు. ఆకు కదిలే గాలి కూడా లేదు. బంతి క్షణం ఆగి, మెల్లగా ట్యాంకు వైపు దొర్లింది. దొర్లుతూనే పోయింది.

"అదృష్టం గాదు బిడ్డా, భూమి కుంగుతున్నది. గా గోల్ కిందనే మా పాత బాయి. బాయి పైకప్పును మోసే బొగ్గు పిల్లర్లు మేమే తీసినం. ఆఖరుది నేనే కొట్టిన."

ఆయన చూపు గోల్ వెనక్కి పోయింది. "గా కుర్చీలు ఆడ ఎవలు ఏయించిండ్రు?"

నేనే. అదృష్టపు వైపని వేయించాను. మూడు వందల కుర్చీలూ అప్పటికే జనంతో నిండిపోయాయి.