మూడు వేల వాట్లు

"దొంగచాటుగా హీటర్లు వాడేవాళ్లకి నా ఇంట్లో చోటు లేదు. సాయంత్రంలోగా ఖాళీ చెయ్యి!" మీటర్ల దగ్గర ఓనరమ్మ నా మీద విరుచుకుపడింది. సాక్ష్యానికి ఎలక్ట్రీషియన్‌ని కూడా తనే పిలిపించింది.

అతను నా మీటరు వైరుకి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు తగిలించాడు. "పదమూడు ఆంపియర్లు."

"చూశావా!" ఓనరమ్మ మొహం వెలిగిపోయింది.

"రెండు వందల ముప్పై వోల్టులతో హెచ్చవేస్తే దాదాపు మూడు వేల వాట్లు. ఇది మామూలు హీటరు కాదమ్మా, గీజరు."

"నాకు గీజరే లేదు. పైన అన్నీ ఆపేసే వచ్చాను," అన్నాను.

"నీ మొహం! అబద్ధాలకైనా హద్దుండాలి."

నేను నా ఫ్యూజు ఊడబీకాను.

కింది వాటా బాత్రూంలోంచి ఓనరమ్మ మొగుడు కేకేశాడు. "ఏమే, నీళ్లు ఒక్కసారిగా చల్లబడ్డాయేమిటే! ఒంటినిండా సబ్బు!"

ఫ్యూజు కొంగున ముడేసుకుని మెట్లెక్కాను.